పుట్టుకతోనే పాత బండి

మన దేశంలో కారు కొనేవాళ్లందరిదీ ఒకటే కోరిక. పాత కారయినా సరే, కొత్తదానిలా కనబడాలి. ఆ సంగతి తెలిసి కూడా మారుతి కంపెనీవాళ్లు పాతికేళ్ల కిందట కొత్త కారుకు పాత వేషం కట్టి అమ్మజూపినారు. పేరు జెన్ క్లాసిక్. 1993లో వచ్చిన జెన్ కారునే తీసుకుని, మూతి మార్చి, గుండ్రటి హెడ్‌లైట్లు, తళతళలాడే క్రోమ్ గ్రిల్ తగిలించినారు. లోపల ఉన్నది మాత్రం అదే 993 సీసీ ఇంజను.

ఈ వేషం జపాన్‌లో పారింది. 1991లో నిస్సాన్‌వాళ్లు ఫిగారో అని పాతకాలం రూపంలో ఓ బుల్లికారు చేస్తే జనం ఎగబడినారు. చేసిన ఇరవై వేల కార్లు చాలక లాటరీ తీసి అమ్మాల్సి వచ్చింది. అక్కడ పాత కార్లు రోడ్ల మీద కనబడక జనానికి బెంగ పట్టుకుంది మరి. మనకేం ఖర్మ? ప్రీమియర్ పద్మిని 2000 ప్రాంతం దాకా, అంబాసిడర్ 2014 దాకా ఫ్యాక్టరీ నుంచి దిగుతూనే ఉండె. అసలైన పాతదే కొత్తగా షోరూములో దొరుకుతుంటే, పాతదాని వేషం వేసుకున్నదానికి బుద్ధున్నవాడెవడు డబ్బులిస్తాడు? ఎవడూ ఇవ్వలేదు. క్లాసిక్ ఇట్ల వచ్చి అట్ల పోయింది.

అట్లాంటిదొకటి బళ్లారిలో ఉందని ఆదోని బ్రోకరు చెవిన వేసినప్పటినుంచి నాకు నిద్ర కరువైంది. మా ఇంటామెకు చెప్తే ఆమె ఒక్క ముక్కే అడిగింది. "కొత్తది కొనే యోగం లేక పాతది కొంటాండావంటే సరే. కొత్తగా ఉన్నప్పుడే పాతగా ఉన్నదాన్ని, పాతగా అయినాక కొనేదేంది?" ఆ ప్రశ్నకు నేటికీ నా దగ్గర జవాబు లేదు. బండి మాత్రం వాకిట్లో ఉంది.

బేరానికి మా చిన్నాయనను పిలుచుకొని పోయినా. ఆయనకు కార్లు తెలియవు, ఎద్దులు తెలుసు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరలో ఆయన చెయ్యి పెట్టని జత లేదు. బానెట్ ఎత్తగానే లోపలికి తొంగిచూసి "ఎన్ని పండ్లేసింది?" అన్నాడు. బ్రోకరు తడుముకోకుండా "రెండో ఓనరు" అన్నాడు. ఆపైన చిన్నాయన బండి చుట్టూ తిరిగి, టైర్లను కాలితో తన్ని, పైకప్పు మీద అరచేత్తో రాసి సుళ్లు వెతికినాడు. కిలోమీటర్ల మీటరు నలభై వేలు చూపిస్తుండె. "డాక్టరు గారు వాడిన బండి, ఇంటినుంచి ఆసుపత్రికి, ఆసుపత్రినుంచి ఇంటికి" అన్నాడు బ్రోకరు. నాకు తెలిసి పాత కార్లన్నీ డాక్టర్లవో, బ్యాంకు మేనేజర్లవో అయ్యుంటాయి. తక్కిన జనం వాడిన కార్లు ఏమైపోతాయో దేవుడికే తెలియాల. "పాతికేండ్లకు నలభై వేలంటే, ఆ ఆసుపత్రికి రోగులు రాలేదన్నట్టు. అట్లాంటి డాక్టరు బండి మనకొద్దు" అన్నాడు చిన్నాయన. ఆ దెబ్బకు ధర దిగింది. తువ్వాలు కింద చేతులు కలిసినాయి. బ్రోకరు వేళ్లు ఎన్ని ముడిచినాడో నాకు కనబడలేదు కానీ, జాతరలో మంచి జత పలికేదానికన్నా తక్కువకే బండి మాదయింది.

కేఏ 34 నంబరు బండి మా గూడూరికి రావాలంటే పక్క రాష్ట్రం నుంచి వచ్చినట్టే లెక్క. నిరభ్యంతర పత్రానికి ఫారం 28, పేరు మార్పిడికి 29, 30, మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ మళ్లీ వేరే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని కూడా బళ్లారి జిల్లాలోదే. పొట్టి శ్రీరాములు గారి త్యాగం మీద నాకు అపారమైన గౌరవం ఉన్నా, ఆ ఫారాలు నింపుతున్నప్పుడు ఉమ్మడి మద్రాసు రాష్ట్రం కాస్త గుర్తుకొచ్చింది. ఇంక వయసు సంగతి. పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించి, ఆపైన ఐదేళ్లకోసారి పొడిగించుకోవాల. 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేసినారు. మనుషులకు వయసు మీదపడితే పింఛనిస్తారు, బండికైతే ఎదురు మనమే ఇచ్చుకోవాల.

ఆర్టీఓ ఆఫీసులో కాగితాలు చూసినాయన బండి మూతి చూసి అనుమానపడినాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదు. "ముందుభాగం ఏ షెడ్డులో మార్పించినారు?" అని గద్దించినాడు. కంపెనీవాళ్లే మార్చినారంటే నమ్మడు. చివరికి ఆర్సీలో మోడలు పేరు చూపిస్తే, మారుతివాళ్ల మీద జాలిపడి వదిలేసినాడు.

ఊళ్లోకి వచ్చినాక ఇంకో తమాషా. టీ అంగడి దగ్గర పెద్దాయన ఒకాయన "యా కాలం నాటి ఫియట్ ప్పా ఇది? బాగా కాపాడుకున్యావు" అని మెచ్చుకున్నాడు. ఆ పక్కనే మొబైలు చూసుకుంటుండిన పిల్లోడు తలెత్తి, "అన్నా, కొత్త మోడలా? ఎలక్ట్రికా?" అన్నాడు. ఒకాయన లెక్కలో బండి పుట్టకముందే పుట్టింది, ఇంకొకని లెక్కలో ఇంకా మార్కెట్‌లోకే రాలేదు. దాని అసలు వయసు మాత్రం ఎవరూ చెప్పలేదు. కంపెనీ కోరుకున్నది బహుశా ఇదే. పాతికేళ్లు ఓపిక పట్టలేకపోయినారు, పాపం.

బండికేం, బాగానే నడుస్తాంది. ఎండాకాలంలో ఏసీ పెడితే ఎక్కుడు దగ్గర కొంచెం ఆలోచిస్తది, అంతే. ఇంజను సామాను ఏది కావాలన్నా కర్నూల్లో దొరుకుతుంది, జెన్ విప్పని మెకానిక్కు లేడు. చిక్కంతా ఆ మూతితోనే. కోడుమూరు దోవలో ముందు పోతున్న లారీ టైరు కింద నుంచి ఎగిరొచ్చిన కంకర రాయి ఎడమ హెడ్‌లైటు పగలగొట్టింది. మామూలు జెన్‌ది దీనికి సరిపోదు. ఆదోని, ఎమ్మిగనూరు, బళ్లారి, రాయచూరు అంగళ్లన్నీ అడిగినా, అందరూ ఫొటో చూసి నవ్వినారేగానీ సామాను ఇయ్యలేదు.

కాబట్టి అయ్యలారా, మీ వీధిలో ఏ వేపచెట్టు కిందన్నా గుండ్రటి కండ్ల జెన్ ఒకటి దుమ్ము పట్టి పడుంటే, దాన్ని గుజిరీకి వెయ్యనీయకండి. గూడూరికి ఓ మాట చేరవేయండి. ఎడమ కన్ను చాలు, కుడిది బాగానే ఉంది.