వెండర్ కోడ్ రాజ్యం

హోసూరు పక్కనే తొరపల్లి. 1878లో రాజాజీ పుట్టిన ఊరు. వ్యాపారం పెట్టుకోవాలనుకున్న ప్రతివాడూ ఢిల్లీ గడపలో చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తోందని ఒళ్లు మండి, ఆ ఏర్పాటుకు లైసెన్స్ పర్మిట్ రాజ్యమని పేరు పెట్టిన పెద్దమనిషి. పేరు పెట్టి ఊరుకోలేదు, ఎనభై ఏళ్ల వయసులో, 1959లో, స్వతంత్ర పార్టీ కూడా పెట్టాడు. 1972లో ఆయన పోయాడు. 1991 సంస్కరణల తర్వాత ఆ రాజ్యమూ పోయిందన్నారు. పోయింది సరే, ఎక్కడికి పోయిందో ఎవరూ ఆరా తీయలేదు. ఎక్కువ దూరం పోలేదు లెండి. ఆయన సొంతూరికి దగ్గర్లోనే, సిప్కాట్ పారిశ్రామిక ఎస్టేటులో, ఒక కంపెనీ పర్చేజ్ డిపార్ట్‌మెంటులో ఏసీ వేసుకుని కూర్చుంది.

మా బావకు హోసూరులోనే మూకండపల్లి వైపు ఒక రేకుల షెడ్డు ఉంది. రెండు లేత్‌లు, బ్యాంకు అప్పు మీద దింపిన వీఎంసీ అనే కంప్యూటరు మిల్లింగ్ యంత్రం ఒకటి, నలుగురు కుర్రాళ్లు. లోపల అడుగు పెడితే కూలెంటు వాసన ముక్కు పట్టేసుకుంటుంది. బల్ల మీద ట్రేలో వరసగా పేర్చిన బ్రాకెట్లు. ఒక పిల్లవాడు ఒక్కోటీ తీసి రంధ్రంలో గేజి పెట్టి చూస్తుంటాడు. గో వైపు దూరాలి, నో-గో వైపు దూరకూడదు. దూరితే ఎర్ర డబ్బాలోకి. వాదన లేదు, అప్పీలు లేదు. హోసూరు మొత్తమ్మీద ఇంత త్వరగా, ఇంత నిజాయితీగా తీర్పు వచ్చే చోటు ఇంకోటి లేదు.

ఈ బ్రాకెట్లు ఒక పెద్ద కంపెనీకి పోతాయి. కంపెనీ పేరు చెప్పను, చెబితే బావ కోడ్ పోతుంది. కోడ్ అంటే వెండర్ కోడ్. వాళ్ల కంప్యూటరులో ఆ నాలుగంకెలు ఉంటేనే మీరు ఈ భూమ్మీద ఉన్నట్టు. అది రావాలంటే ఆడిట్ జరగాలి. ఆడిట్‌కు వచ్చినాయన లేత్ దగ్గరికి పోయేముందు గోడలు చూశాడు. క్వాలిటీ పాలసీ ఫ్రేము కట్టించారా, విజన్ ఏది, మిషన్ ఏది అని అడిగాడు. బావ వీఎంసీ వైపు చెయ్యి చూపించి, "అదే సార్ మిషను, ఇంకా మూడేళ్ల ఈఎంఐ ఉంది" అన్నాడు. ఆ జవాబుకు మార్కులు పోయాయి. ఫ్లెక్సీలు కొట్టేవాడి దగ్గరికి పోయి చదరపు అడుగు లెక్కన ఒక విజనూ ఒక మిషనూ కొట్టించి తగిలించాక గానీ కోడ్ రాలేదు. రాజాజీ కాలంలో ఇలాంటి కాగితం కోసం ఢిల్లీ రైలెక్కాలి. ఇప్పుడు టౌన్ బస్సు చాలు. సంస్కరణలంటే ఇవే మరి.

సరుకు పంపడం ఇంకో ఘట్టం. బ్రాకెట్లు కుట్టియానై ఎక్కుతాయి. టాటా ఏస్‌కు ఈ వైపు ముద్దుపేరు అది, చిన్న ఏనుగు. గేటు దగ్గర సీలు పడినంత మాత్రాన సరుకు చేరినట్టు కాదు, జీఆర్‌ఎన్, అంటే సరుకు ముట్టినట్టు రసీదు, పడాలి. అది వేసే మనిషి లీవులో ఉంటాడు, మనిషి వచ్చిననాడు సర్వరు లీవులో ఉంటుంది. ఈలోగా ఆ బ్రాకెట్లు లైనెక్కి, బండికి బిగుసుకుని, షోరూముకు పోయి, ఎవరింటి అల్లుడికో కట్నంగా కూడా వెళ్లిపోయి ఉంటాయి. బిల్లు మాత్రం 'అండర్ ప్రాసెస్'. తొంభై రోజులకు డబ్బు వస్తే ఆ ఏడు మంచి ఏడని లెక్క. పైగా ఏటేటా కాస్ట్ డౌన్ అని ఒకటుంటుంది. ఏడాది అనుభవం పెరిగింది గనక ధర తగ్గించమంటారు. అనుభవం పెరిగే కొద్దీ రేటు తగ్గాలనే ఈ సిద్ధాంతాన్ని జనరల్ మేనేజర్ల జీతాల మీద ప్రయోగించి చూశారో లేదో తెలియదు.

లెక్కలన్నీ మా అక్క చూస్తుంది. గోడ మీద క్యాలెండరులో ఆమె గుండ్రంగా చుట్టిన తేదీలున్నాయి: ఈఎంఐ, కుర్రాళ్ల జీతాలు, కరెంటు బిల్లు, 20న జీఎస్టీ. ఇన్‌వాయిస్ కొడితే చాలు, మరుసటి నెల 20కి పన్ను కట్టేయాలి, కంపెనీ డబ్బిచ్చినా ఇవ్వకపోయినా. అంటే కళ్లతో చూడని డబ్బుకు మా అక్క చేత్తో పన్ను కడుతోంది. అందాకా ఆ పెద్ద కంపెనీ మా అక్క డబ్బుతో నడుస్తోంది. వడ్డీ లేదు, హామీ లేదు, వసూలుకు ఇంటి మీదికి వచ్చేవాళ్లు లేరు. ఈ జిల్లాలో ఇంత ఉదారమైన బ్యాంకు మరొకటి చూపించండి. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారు వారానికి 90 గంటలు పని చేయాలని, ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య ముఖం చూస్తారని అన్నప్పుడు దేశమంతా గోల చేసింది. బావకు మాత్రం అందులో తప్పేమీ కనపడలేదు. ఆయన అక్క ముఖం చూసేది ఇన్‌వాయిస్ ప్రింటు అందుకునేటప్పుడే.

ఇలాంటి ఊళ్లో నాయకత్వ పాఠాలకు గిరాకీ ఎక్కువ. ఆ పాఠాలు చెప్పే గురువుగారు పొద్దున్నే బెంగళూరు నుంచి బయల్దేరి సరిహద్దులోని అత్తిబెలె దాటి వస్తారు, సాయంత్రం అత్తిబెలె దాటి వెళ్లిపోతారు. ఆ మాటకొస్తే వినే నాయకులదీ అదే దారి. హోసూరులో పని చేస్తారు, బెంగళూరులో బతుకుతారు, మధ్యలో ట్రాఫిక్‌లో ఆలోచిస్తారు. గురువుగారి సదస్సుకు వెండర్లు కూడా రావాలని పైనుంచి పిలుపు వచ్చింది. పిలుపంటే మెయిలే గానీ, రాకపోతే ఏమవుతుందో అందులో రాయలేదు. అందుకని అందరూ వచ్చారు. భోజనం ఉందన్నారని నేనూ పోయాను.

గురువుగారి మొదటి స్లైడు, పెద్దగా కలలు కనండి. సాక్ష్యం హోసూరే అన్నాడు. టీవీఎస్ బొమ్మ పడింది, టైటాన్ బొమ్మ పడింది. నాకు నవ్వాగలేదు. 1980లో టీవీఎస్ వాళ్లు ఈ ఊళ్లో చేసింది యాభై సీసీ మోపెడ్, ఇద్దరు కూర్చుని పోగలిగేది. దేశంలో రైతు దగ్గర, పాలవాడి దగ్గర డబ్బు తక్కువ, మోయాల్సింది ఎక్కువ అని కనిపెట్టిన చిన్న కల అది. ఇక టైటాన్ 1984లో ఒక్కడి గుండె ధైర్యంతో పుట్టిందేమీ కాదు. టాటాలూ, తమిళనాడు ప్రభుత్వపు టిడ్కో కలిసి పెట్టారు. దాన్ని నడిపించిన జెర్క్సెస్ దేశాయ్ చుట్టుపక్కల పల్లెల నుంచి బడి ముగించిన పిల్లల్ని తెచ్చి వాచీలు చేయడం నేర్పించాడు. ఈ నేల చదును చేసి, రోడ్డు వేసి, కరెంటు లాగింది సిప్కాట్, అంటే సర్కారు. గురువుగారి స్లైడులో సర్కారూ లేదు, పల్లె పిల్లలూ లేరు. కొండ మీద చేతులు చాచి నిలబడ్డ ఒక ఒంటరి మనిషి నీడ మాత్రం ఉంది. ఆ కొండ మన ఊరి చంద్రచూడేశ్వరుడి గుడి కొండ అయితే కాదు.

రెండో స్లైడు క్వాలిటీ. 2002లో టీవీఎస్ మోటారు జపాన్ వాళ్ల డెమింగ్ ప్రైజు అందుకుందని చెప్పి చప్పట్లు కొట్టించాడు. కొట్టాల్సిందే, టూవీలర్ కంపెనీల్లో అదే మొదటిది. కాకపోతే ఆ డెమింగ్ ఎవరో, ఏం చెప్పాడో హాల్లో ఎవరూ అడగలేదు. ఆయనవి పద్నాలుగు సూత్రాలు. నాలుగోదాంట్లో ఏముందంటే, ధర ఒక్కటే చూసి సరుకు కొనే అలవాటు మానండి, సరఫరాదారుతో ఏళ్ల తరబడి నమ్మకంగా ఉండండి అని. పదోదాంట్లో పనివాళ్లకు నినాదాలు, పోస్టర్లు, హితబోధలు మానమన్నాడు. మంచి సామాను, మంచి పద్ధతి ఇవ్వకుండా గోడ మీద రాతలు రాస్తే పనివాడికి కోపమే వస్తుందని ఆయన వాదన. ఆ మాట చదివుంటే ఆడిటరు బావ షెడ్డులో ఫ్లెక్సీలు పీకించాలి. గురువుగారి సంగతి ఇంకా కష్టం. పదో సూత్రం అమలైతే ఆయన ఉద్యోగమే పోతుంది.

మూడోది విజన్. ఇక్కడ ఓలా స్కూటర్ల ఫ్యాక్టరీ వచ్చింది, పోచంపల్లిలోది. పోచంపల్లి అంటే మనవాళ్లకు చీరలే గుర్తొస్తాయి గానీ, ఇది కృష్ణగిరి జిల్లా పోచంపల్లి. 500 ఎకరాలు, ఏడాదికి కోటి స్కూటర్లు, పది వేల మంది ఆడవాళ్లే నడిపే ఫ్యాక్టరీ అని 2021లో ప్రకటించారు. 499 రూపాయలు కట్టి బుక్ చేసుకోమంటే ఒక్క రోజులో లక్ష మంది కట్టారు. గమనించారా, ఇక్కడ డబ్బు ముందు వచ్చింది, స్కూటరు తర్వాత. మా అక్క ఈ ముక్క వింటే కాగితం మీద రాసుకునేది. ఆ తర్వాతి కథ గురువుగారు చెప్పలేదు. 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు దాకా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఓలా ఎలక్ట్రిక్ మీద 10,644 ఫిర్యాదులు వచ్చాయి. ఆ అక్టోబరులో కునాల్ కమ్రా అనే హాస్యగాడు సర్వీసు సెంటరు ముందు దుమ్ము కొట్టుకుని నిలబడ్డ స్కూటర్ల ఫొటో పెడితే, ఓలా స్థాపకుడు భవిష్ అగర్వాల్ గారు స్కూటరు సంగతి వదిలేసి ఆయన హాస్యం సంగతి మాట్లాడారు. నాయకత్వ పాఠమంటూ ఉంటే అందులో ఉంది, కానీ దానికి స్లైడు లేదు.

ప్రశ్నలడగమన్నారు. బావ లేచాడు. ఆయన తమిళంలో అడుగుదామా, ఇంగ్లీషులోనా అని తడబడి చివరికి ఇంట్లో మాట్లాడే తెలుగులోనే అడిగేశాడు. "సార్, పెద్ద కల కనల్లంటే నిద్ర పట్టల్ల కదా. బిల్లు తొంభై దినాలు రాకుంటే నిద్ర యాడ పడ్తుంది?" పక్కాయన తర్జుమా చేశాడు. గురువుగారు చిరునవ్వు నవ్వి, డబ్బనేది మనస్తత్వమని, కొరత మనసులోంచి సమృద్ధి మనసులోకి రావాలని సెలవిచ్చాడు. ముందు వరసలో కూర్చున్న పర్చేజ్ హెడ్డు గారు ఈ మాట శ్రద్ధగా నోట్ చేసుకున్నాడు.

చట్టం ఏమంటుందో చెప్పడానికి ఆ హాల్లో ఎవరికీ వీలు కాలేదు గనక ఇక్కడ చెబుతాను. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఏదైనా సరే, చిన్నవాడి బిల్లు 45 రోజులు దాటకూడదు. సరుకు మీద 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, దింపిన రోజే ఒప్పుకున్న రోజు. అంటే జీఆర్‌ఎన్ మనిషి లీవుతో చట్టానికి పని లేదు. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. చదివితే కళ్లు చెమ్మగిల్లుతాయి. ఆ వడ్డీ అడిగి, మళ్లీ అదే కంపెనీ నుంచి ఆర్డరు అందుకున్న మొనగాడు మా వీధిలో ఎవడూ లేడు. ఇది చాలదని ఆదాయపు పన్ను చట్టంలో ఇంకో మడత పెట్టారు. గడువులోగా చిన్నవాళ్లకు చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపుకోనివ్వరు. దాని దెబ్బకు 2024 మార్చిలో కొందరు పెద్దవాళ్లు చురుగ్గా కదిలారు. చెల్లించడానికి అనుకునేరు. చిన్న సంస్థగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ వదిలేసుకోండి, అప్పుడు మీరు చిన్నవాళ్లే కారు కదా అని వెండర్లకు సలహా ఇచ్చారు. సమృద్ధి మనస్తత్వమంటే ఇదే కాబోలు.

భోజనం బాగుంది. చేతులు కడుక్కుని వస్తుంటే రిజిస్ట్రేషన్ బల్ల మీద గురువుగారి కొటేషన్ కాగితం కనపడింది, ఎవరో మరిచిపోయారు. బావ ఫోనుతో ఫొటో తీశాడు. నూరు శాతం ముందస్తు చెల్లింపు. జీఎస్టీ అదనం. కారు ఖర్చు మీదే. కార్యక్రమం రద్దయినా డబ్బు వాపసు లేదు. కాస్ట్ డౌన్ ఊసు లేదు, జీఆర్‌ఎన్ ఊసు అసలే లేదు.

అక్క ఆ ఫొటోను చాలాసేపు చూసింది. తర్వాత వచ్చిన ఎంక్వయిరీకి అవే షరతులు అక్షరం పొల్లుపోకుండా దింపి, మా లెటర్‌హెడ్ మీద కొట్టి పంపేసింది. బావ ఆ రాత్రి అన్నం తినలేదు. పర్చేజ్ నుంచి జవాబు రావడానికి మాత్రం తొంభై రోజులు పట్టలేదు, గంటలో వచ్చింది. మీ కొటేషన్ మా నిబంధనలకు లోబడి లేదు, వెండర్లలో దృక్పథ లోపం కనపడుతోంది గనక అదే గురువుగారితో మరో సదస్సు పెడుతున్నాం, అంశం 'పరస్పర నమ్మకం', షెడ్డుకు ఇద్దరు తప్పనిసరి, తలకింత ఫీజు శుక్రవారంలోగా కట్టాలి అని.

"ఏరా, ఆ ఫీజేదో మనకు రావాల్సిన పాత బిల్లులో కోసుకోమని రాయనా?" అని అడిగింది అక్క. రాయమన్నాను. రాసింది. ఫీజుల విషయంలో అప్పు సదుపాయం లేదట.