ఊరు పెరిగింది, ఓటు తరిగింది

బోడుప్పల్‌కు మేయర్ కావడానికి బోడుప్పల్ జనం ఓటు అక్కర్లేకపోయింది. ఈ మాట చెబితే అపార్ట్‌మెంట్లలో కొత్తగా దిగినవాళ్లు నమ్మరు. "అదేంటి అంకుల్, 2020 జనవరిలో క్యూలో నిలబడి ఓటేశాం కదా" అంటారు. వేశారు, కార్పొరేటర్‌కు. గెలిచిన 28 మంది ఒక హాల్లో కూర్చుని చేతులెత్తి మేయర్‌ను ఎన్నుకున్నారు. బయట గేటు దగ్గర మనం నిలబడ్డాం.

మా రోజుల్లో ఇట్లా లేదు. అప్పుడు బోడుప్పల్ హైదరాబాద్ శివార్లలో, ఘట్‌కేసర్ మండలంలో ఒక గ్రామ పంచాయతీ. ఉప్పల్ డిపో దాటితే ఇళ్లు పలచబడి పొలాలు మొదలయ్యేవి. 1995లోనైనా, 2001లోనైనా సర్పంచి కావాలనుకున్న మనిషి ప్రతి గడపా ఎక్కాల్సిందే. పార్టీ గుర్తు ఉండదు. ఉంగరమో, కత్తెరో, ఇంకేదో ఇచ్చేవారు. దాన్ని సున్నం గోడల మీద నీలిమందుతో రాయించుకుని, ఆటోకు మైకు కట్టుకుని, మిగతాదంతా కాళ్లతోనే తిరిగేవారు. పేరు జనం తెలుసుకున్నది పోస్టరు మీద కాదు, నోటితో.

మా గల్లీలో ఒక అవ్వ వాకిట్లో జరిగింది నా కళ్లతో చూశాను. అభ్యర్థి పదిమందితో వచ్చి దండం పెట్టాడు. అవ్వ లేవలేదు. "ఏం బిడ్డా, బోరింగు చైను తెగి ఎన్ని దినాలాయె! దండం పెడితే నీళ్లొస్తయా?" అంది. "గెలవంగనే బాగు చేయిస్త అవ్వా" అన్నాడాయన. "గెలవకముందే చేయించు. అప్పుడు చూస్త" అంది. సాయంత్రానికి మెకానిక్ వచ్చి చైను వేసి, వాషర్లు మార్చి పోయాడు. ఆ మనిషిని నిలదీయడానికి అవ్వకు ఏ పార్టీ అండా అక్కర్లేదు. ఆమె చేతిలో సర్పంచికి నేరుగా వేసే ఓటుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అప్పుడంతా నీతిగా నడిచిందని నేను అనను. సారా పోశారు, కులం పేరు చెప్పి ఓట్లడిగారు. ఆడవాళ్లకు సీటు వచ్చిన చోట భర్తలు పెత్తనం చేశారు. కానీ ఆ తప్పులన్నీ మన ముందరే జరిగాయి. ఐదేళ్లకు మళ్లీ మన గడపకే రావాలి కాబట్టి లెక్క తేల్చే పని మన చేతిలోనే ఉండేది.

ఆ తర్వాత ఊరు ఉబ్బింది. 2011 జనాభా లెక్కల నాటికే యాభై వేలకు దగ్గరపడింది. 2016లో మునిసిపాలిటీ అయింది. 2019లో పక్కనున్న పీర్జాదిగూడ, అటు నిజాంపేట, జవహర్‌నగర్, బడంగ్‌పేట, మీర్‌పేట, బండ్లగూడ జాగీర్‌లతో పాటు కార్పొరేషన్ అయింది. మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను. కానీ ఆ రోజు మన చేతిలోంచి ఏం జారిపోయిందో ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ తెలంగాణలో ఐదొందల గడపల పల్లె తన సర్పంచిని నేరుగా ఎన్నుకుంటుంది. లక్షమంది ఉన్న పట్నానికి ఆ హక్కు లేదు. ఊరు చిన్నదిగా ఉన్నప్పుడు మనల్ని నమ్మిన చట్టం, ఊరు పెద్దదయ్యాక నమ్మడం మానేసింది. నా బాధంతా ఇదే.

పట్నాలకు ఇది కుదరదని చెప్పేవాళ్లు పాత లెక్కలు తిరగేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో పట్నాల పెద్దలను ఓటర్లే ఎన్నుకున్న కాలం ఉంది. విజయవాడ జనం 1995లో సీపీఐ అభ్యర్థి టి. వెంకటేశ్వరరావును, 2000లో ఇరవయ్యారేళ్ల పంచుమర్తి అనురాధను నేరుగా మేయర్లను చేశారు. 2002లో హైదరాబాద్ తీగల కృష్ణారెడ్డిని అట్లాగే గెలిపించింది. 2005 ఎన్నికల నాటికి ఆ పద్ధతి తీసేశారు. మేయర్‌ది ఒక పార్టీ, కౌన్సిల్లో ఎక్కువమంది ఇంకో పార్టీ అయితే పని ఆగిపోతుందన్నది కారణంగా చెబుతారు. ఆ చిక్కు నిజమే. అయితే అందరి ముందూ వాదించుకుని దారి వెతుక్కోవడం కూడా పాలనలో భాగమే. ఇప్పుడు పని ఆగడం లేదా?

ఈ రోజుల్లో మేయర్ పోటీ అంటే ఏమిటో చూడండి. వార్డుల్లో ఫలితాలు వచ్చిన సాయంత్రమే కార్పొరేటర్లను బస్సెక్కిస్తారు. రిసార్టో, గోవానో, దాని పేరు క్యాంపు. ఎన్నిక రోజు పొద్దున పార్టీ నుంచి సీల్డ్ కవర్ వస్తుంది. కవర్లో ఏ పేరుంటే ఆ పేరుకు చేతులు లేస్తాయి. చాలకపోతే ఎక్స్‌అఫీషియో పేరుతో ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ, ఎంపీల ఓట్లు కలుస్తాయి. మూడేళ్లు దాటాక అవిశ్వాసం. 2024లో జవహర్‌నగర్, బోడుప్పల్, పీర్జాదిగూడల్లో మేయర్లను అట్లాగే దించారు. ఎక్కించినప్పుడు మనల్ని అడగలేదు, దించినప్పుడూ అడగలేదు. మురికికాలువ పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చినవాళ్లకు ఆ కుర్చీలాటతో ఏం ఒరిగింది?

ప్రచారమూ అట్లాగే మారింది. ఫ్లెక్సీ మీద ఇరవై మొహాలు, మధ్యలో అభ్యర్థి. కాలనీ వాట్సాప్ గ్రూపులో డ్రోన్ వీడియో. ఇచ్చే మాటలు చూస్తే ఎలివేటెడ్ కారిడార్ పూర్తి చేయిస్తాం, ఇరవై నాలుగు గంటలూ నీళ్లిస్తాం. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఏళ్ల తరబడి మొండి పిల్లర్లను చూస్తూ దుమ్ము మింగినవాళ్లం మనం. అది జాతీయ రహదారి పని, నీళ్లు జలమండలి పని. కార్పొరేషన్ చేతిలో నిజంగా ఉన్నవి వేరు: మురికికాలువలు, వీధి దీపాలు, చెత్త బండ్లు, పార్కులు, ఇంటి పన్ను, చెరువు శిఖంలో లేస్తున్న గోడలు. వీటి గురించి ఫ్లెక్సీ మీద ఒక్క ముక్క ఉండదు. ఎందుకంటే వీటికి లెక్క అడగొచ్చు.

2025 డిసెంబరులో బోడుప్పల్ కార్పొరేషన్ కథ కూడా ముగిసింది. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కలున్న 20 మునిసిపాలిటీలను, మన ఏడు కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. ఇకమీదట బోర్డు మీద ఏ పేరు రాసినా, మేయర్ మనకు ఇంకొంచెం దూరమయ్యాడు. పంచాయతీ ఆఫీసులో బల్లకు అటు కూర్చున్న సర్పంచితో గొడవ పడ్డ మనం, ఇప్పుడు మేయర్ చాంబర్ ఏ అంతస్తులో ఉందో కనుక్కోవాలి.

చట్టం మారాలి. మేయర్‌కు ఒక ఓటు, కార్పొరేటర్‌కు ఒక ఓటు, రెండూ ఒకే రోజు వేసే పద్ధతి మళ్లీ రావాలి. అది మనకు కొత్త కాదు, మనం వాడి చూసిందే. అది వచ్చేదాకా కాలనీ సంఘాల వాళ్లకు, ముఖ్యంగా కుర్రవాళ్లకు, నేను చెప్పేది ఒకటుంది. ఈసారి కార్పొరేటర్ అభ్యర్థి మీ గేటు లోపలికి వచ్చినప్పుడు రోడ్డు సంగతి, డ్రైనేజీ సంగతి అడగండి. దానితో పాటు "హాల్లో నువ్వు మేయర్‌గా ఎవరికి చెయ్యెత్తుతావు, క్యాంపుకు పోతావా" అని కూడా అడగండి. జవాబు అందరి ముందూ చెప్పించండి, సంఘం మినిట్స్ పుస్తకంలో రాసి సంతకం పెట్టించండి. చెప్పనివాడికి ఓటు వేయకండి.