మూత తీసేదాకా... ఒక ఐసు పెట్టె ఆత్మకథ

పిక్నిక్‌కి వెళ్ళేవాళ్ళు కూల్‌డ్రింకులు పెట్టుకునే పెట్టె ఉంటుంది చూడండి, గట్టి ప్లాస్టిక్కుది, పైన మూత, పక్కన పిడి. ఈ పెట్టెది ఆ జాతే. దీనితోపాటు తయారైనవి కొన్ని చేపల వేటకు పోయాయి, కొన్ని కారు డిక్కీల్లో స్థిరపడ్డాయి. ఇది మాత్రం కెనడాలోని టొరంటో జనరల్ ఆస్పత్రికి చేరింది. మూత మీద ‘మనిషి అవయవం’ అని పెద్దక్షరాల చీటీ అంటించారు. ఆనాటి నుంచి దీనికి సొంత కథంటూ లేదు. మోసిన ఊపిరితిత్తుల కథే దీని కథ. అందుకే ‘నేను’ అనడం మానేసింది. తన గురించి చెప్పుకునేటప్పుడు కూడా ‘ఈ పెట్టె’ అనే అంటుంది.

దీని పని చాలావరకు రాత్రిపూటే. ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల ఎవరో బ్రెయిన్‌డెడ్ అయ్యారనీ, ఇంటివాళ్ళు అవయవదానానికి ఒప్పుకున్నారనీ ఫోన్ వస్తుంది. ఐసు తోడి పెట్టెలో పోస్తారు. ఇద్దరు ముగ్గురు డాక్టర్లతో కలిసి చిన్న విమానం ఎక్కుతుంది. అక్కడి థియేటర్లో కత్తి పట్టుకునే ముందు అందరూ తల వంచి కాసేపు మౌనంగా నిలబడతారు. కొన్నిసార్లు దాత ఇంటివాళ్ళు రాసిచ్చిన నాలుగు ముక్కలు ఒక నర్సు చదువుతుంది. ఆ మనిషికి ఏ పాట ఇష్టమో, చెరువులో ఈత అంటే ఎంత పిచ్చో. ఎన్ని ప్రయాణాలు చేసినా ఈ పెట్టె మరిచిపోలేనిది ఆ కాసేపే.

తర్వాత అంతా చకచకా జరిగిపోతుంది. చల్లటి ద్రావణం ఎక్కిస్తే లోపలి రక్తం కడుక్కుపోయి ఊపిరితిత్తులు తెల్లబడతాయి. వాటిలో గాలి ఉండగానే శ్వాసనాళాన్ని స్టేపుల్ చేసి మూసేస్తారు, లేకపోతే ముడుచుకుపోతాయి. ఒకదానిలో ఒకటిగా మూడు సంచులు, చుట్టూ ఐసు, పైన మూత. ఇక గడియారంతో పరుగు. కిడ్నీకైతే ఒక రోజు దాకా ఓపిక ఉంటుంది, ఊపిరితిత్తులకు అంత ఓపిక లేదు. ఆరు గంటలు, మరీ తప్పకపోతే ఎనిమిది. ఈలోగా ఇంకొకరి ఛాతీలో వాటికి మళ్ళీ రక్తం అందాలి. ఇన్నేళ్ళూ డాక్టర్లు పాటించిన లెక్క ఇదే.

అసలు ఈ పెట్టెకు పని దొరకడానికి ఇరవయ్యేళ్ళ ఓటములు ముందు నడిచాయి. 1963 జూన్‌లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ హార్డీ మొదటిసారిగా ఒక మనిషికి ఊపిరితిత్తి మార్చాడు. రోగి 18 రోజులు బతికాడు. ఆ తర్వాత ప్రపంచమంతటా 40కి పైగా ప్రయత్నాలు జరిగినా ఒక్కరూ ఏడాది దాటలేదు. కొత్త ఊపిరితిత్తి గొట్టాన్ని రోగి గొట్టానికి కలిపిన చోట కుట్టు వీడిపోయేది. టొరంటోలో జోయెల్ కూపర్ బృందం కుక్కల మీద ప్రయోగాలు చేసి కారణం పట్టుకుంది. కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఇస్తున్న స్టెరాయిడ్లే ఆ గాయాన్ని మాననివ్వడం లేదు. సైక్లోస్పోరిన్ మందు వచ్చాక స్టెరాయిడ్లను తగ్గించగలిగారు. పొట్టలో పేగుల మీద కప్పి ఉండే కొవ్వు పొరను పైకి లాగి కుట్టు చుట్టూ చుట్టారు, అక్కడికి రక్తం అందాలని. 1983 నవంబరులో టామ్ హాల్ అనే 58 ఏళ్ళ వ్యక్తికి ఈ ఆస్పత్రిలోనే ఒక ఊపిరితిత్తి మార్చారు. ఆయన ఆరేళ్ళకు పైగా బతికాడు. పొట్టలోని ఒక కొవ్వు పొర అంత పని చేసిందంటే ఈ పెట్టెకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు ఉన్నవాళ్ళ సంగతి వేరు. బిడ్డను ముద్దుపెట్టుకున్న తల్లి పెదవికి ఉప్పు తగులుతుంది, చెమటలో అంత ఉప్పు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడినవే వస్తే ఈ జబ్బు పుడుతుంది. కణాల్లోంచి ఉప్పు, నీళ్ళు సరిగా కదలవు. ఊపిరితిత్తుల్లో కళ్ళె బంకలా పట్టేసి, క్రిములు అందులో కాపురం పెడతాయి. ఆ జన్యువు ఏదో 1989లో తేల్చినవాళ్ళలో లాప్-చీ సుయ్, జాక్ రియోర్డాన్ ఇదే యూనివర్సిటీ అవెన్యూ మీదున్న సిక్‌కిడ్స్ పిల్లల ఆస్పత్రిలో పనిచేసినవాళ్ళు, ఫ్రాన్సిస్ కాలిన్స్ మిషిగన్‌లో. ఈ రోగులకు ఒక ఊపిరితిత్తి మారిస్తే చాలదు. మిగిలిన పాతదానిలోని క్రిములు కొత్తదాన్నీ పట్టేస్తాయి. మారిస్తే రెండూ మార్చాల్సిందే.

అలాంటి ఒక అమ్మాయి కోసం ఈ పెట్టె రెండుసార్లు బయల్దేరింది. ఆస్పత్రికి దగ్గరగా అద్దెకు దిగి, తల్లితో కలిసి నెలల తరబడి ఫోన్ కోసం ఎదురుచూసిన పిల్ల. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని వ్యాయామం చేసేది. కండ బలం లేకపోతే ఆపరేషన్ తట్టుకోలేరు కదా. రోజూ గంటల తరబడి ఛాతీని తట్టి కళ్ళె కక్కించేవాళ్ళు. తనలాంటి జబ్బే ఉన్న ఇంకో పిల్ల అదే వార్డులో ఉన్నా పక్కన కూర్చోవడానికి లేదు, ఒకరి క్రిములు ఒకరికి అంటుతాయి. ఒంటరితనంలో ఇది ఎంత క్రూరమైన రకమో తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

మొదటిసారి పిలిపించారు, సిద్ధం చేశారు. తీరా దాత ఊపిరితిత్తులు తెరిచి చూస్తే పనికిరావు. పెట్టె ఖాళీగా తిరిగొచ్చింది. అమ్మాయి ఇంటికి వెళ్ళిపోయింది. రెండోసారి పెట్టె నిండుగా వచ్చింది. థియేటర్లో ఒక మూల నిలబడి, ఆ అమ్మాయి ఛాతీలోంచి తీసినవాటిని చూసింది. నొక్కితే లొంగని గట్టి ముద్దలు, పక్కటెముకలకు అతుక్కుపోయి ఉన్నాయి, కోసినచోటల్లా పచ్చటి చీము. అప్పుడు మూత తీశారు. లోపలివి స్పాంజిలా తేలిక. కుట్లు వేసి క్లాంపు వదలగానే తెల్లటి ఊపిరితిత్తి అంచు నుంచి గులాబీ రంగు పాకింది. గాలి పోశారు. ముడతలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. మత్తు డాక్టరు ఆక్సిజన్ అంకె పైకి చదివాడు, మళ్ళీ ఇంకోసారి చదివాడు.

జబ్బు మాత్రం ఒంట్లోంచి పోదు. కొత్త ఊపిరితిత్తుల్లో ఉన్నది దాత జన్యువు కాబట్టి వాటికి ఈ జబ్బు రాదు. కానీ అమ్మాయి చెమట ఇప్పటికీ ఉప్పే, తిండి అరగడానికి ఎంజైము మాత్రలు ఇప్పటికీ కావాలి. దానికి తోడు, కొత్తవాటిని శరీరం తిప్పికొట్టకుండా జీవితాంతం టాక్రోలిమస్ లాంటి మందులు. ఏళ్ళు గడిచేకొద్దీ చిన్న గాలిగొట్టాలు మచ్చకట్టి మూసుకుపోయే తిరస్కరణ ఒకటి వెంటాడుతూనే ఉంటుంది. పదేళ్ళు, అంతకు మించీ హాయిగా గడిపినవాళ్ళున్నారు, మొదటి ఏడాదే పోయినవాళ్ళూ ఉన్నారు.

ఐసే ప్రాణం పోస్తుందని ఈ పెట్టె చాలాకాలం నమ్మింది. ఆ నమ్మకాన్ని ఈ ఆస్పత్రే సడలించింది. దాతల ఊపిరితిత్తుల్లో ఒకప్పుడు ఐదింట ఒక వంతుకు మించి వాడేవాళ్ళు కాదు, అనుమానం వస్తే వదిలేసేవాళ్ళు. షఫ్ కేశవ్‌జీ, మార్సెలో సిపెల్ బృందం 2008 నుంచి అలాంటివాటిని పారదర్శకమైన గుమ్మటం కింద పెట్టి, ఒంటి వేడికి తెచ్చి, ద్రావణం పారించి, గాలి ఊదుతూ నాలుగు గంటలు పరీక్షించడం మొదలుపెట్టింది. మనిషి లేకుండానే ఊపిరితిత్తులు ఊపిరి తీసుకుంటాయి! ఈ పెట్టె తెచ్చినవి, మూత కింద చలనం లేకుండా పడుకున్నవి, ఆ గుమ్మటం కింద లేచి పడుతుంటే చూడటం ఒక అనుభవం. ఆ తర్వాత ఐసు మరీ చల్లనిదనీ, 10 డిగ్రీల దగ్గర కణాలు ఇంకా క్షేమంగా ఉంటాయనీ తేల్చారు. వియన్నా, మాడ్రిడ్ డాక్టర్లతో కలిసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో రాత్రి వచ్చిన ఊపిరితిత్తులను అలా దాచి తెల్లారాక మార్చారు. అర్ధరాత్రి నిద్రకళ్ళతో కుట్లు వేయాల్సిన పని తప్పింది.

హైదరాబాదులోనూ ఈ పెట్టెకు చుట్టాలున్నాయి. 2021 ఫిబ్రవరిలో నల్లగొండ రైతు ఒకరి గుండెను అలాంటి పెట్టె ఒకటి నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రోరైల్లో మోసుకెళ్ళింది. కోవిడ్ కాలంలో సికింద్రాబాద్‌లోనూ రెండు ఊపిరితిత్తులూ మార్చిన ఆపరేషన్లు జరిగాయి. కానీ మన పిల్లల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్‌ను చాలాసార్లు ఆస్తమా అనో, టీబీ అనో, మాటిమాటికీ వచ్చే న్యుమోనియా అనో అనుకుని ఏళ్ళు పోగొడుతున్నారు. చేయాల్సిన పరీక్ష చెమటలో ఉప్పు కొలవడమే.

2019లో అమెరికాలో ట్రైకాఫ్టా మాత్రలు వచ్చాక ఈ జబ్బుకు ఊపిరితిత్తులు మార్చాల్సిన అవసరం అక్కడ బాగా తగ్గింది. మార్పిడి కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలోంచి పేరు తీయించుకున్నవాళ్ళున్నారు. పని తగ్గినందుకు ఇంత సంతోషించిన పెట్టె ఇంకోటి ఉండదు. అయితే ఆ మాత్ర ముఖ్యంగా ఎఫ్508డెల్ అనే జన్యులోపం ఉన్నవాళ్ళ కోసం తయారైంది. అది యూరప్ సంతతిలో ఎక్కువ, భారతీయుల్లో తక్కువ. అమెరికాలో ధర ఏడాదికి మూడు లక్షల డాలర్ల పైమాటే. ఆ మాత్ర అందనివాళ్ళకు, అది పనిచేయనివాళ్ళకు ఇంకా ఈ మూత తెరుచుకోవాల్సిందే.

ఇప్పుడు నడవా చివర 10 డిగ్రీల కొత్త యంత్రం సన్నగా రొద చేస్తూ ఉంటుంది. అక్కడిదాకా తెచ్చేది మాత్రం చాలాసార్లు ఈ పెట్టే. పిడి ఒకవైపు అరిగింది, మూత అంచున చిన్న పగులు, దాని మీద టేపు. రాత్రి రెండవుతోంది. కోఆర్డినేటర్ ఫోన్ చెవికి ఆనించుకుని దాత ఎత్తు, రక్తం గ్రూపు రాసుకుంటోంది. ఇంకో చేత్తో మూత ఎత్తి, లోపల తడి లేకుండా తుడుస్తోంది.