మా రోజుల్లో ఆదాయం అడిగి రాసేవాళ్లం

ఈమధ్య ఎవరి ఆదాయ ధ్రువీకరణ పత్రం చూసినా ఒళ్లు మండుతోంది. కూలికెళ్లే మనిషికీ, కిరాణా కొట్టాయనకీ, వడ్డీలకు తిప్పే ఆసామికీ దాదాపు ఒకటే అంకె. దరఖాస్తు టైపు చేసే కుర్రాడు "సంపాదన ఎంత?" అని అడగడం లేదు. "దేనికి కావాలి?" అంటున్నాడు. స్కాలర్‌షిప్పుకైతే ఒక అంకె, ఈడబ్ల్యూఎస్‌కైతే 8 లక్షల లోపు ఇంకో అంకె. విచారణ చేయాల్సినవాళ్లు గడప తొక్కకుండానే సరేనంటున్నారు.

1985లో మండలాలు వచ్చాక నేను రెవెన్యూలో చేరాను. మా గిర్దావరు (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) గారు ముందుగా ఒక మాట చెప్పారు: "కూలి మనిషిని నెలకెంత వస్తుందని అడక్కు. ఏ పని ఎన్నాళ్లు దొరికిందో అడుగు." అరుగు మీద కూర్చుని అలాగే వరసగా అడిగేవాళ్లం. నాట్లకు ఎన్నాళ్లు వెళ్లావమ్మా? కలుపు తీతలు దొరికాయా? కోతలకు డబ్బులిచ్చారా, గింజలిచ్చారా? గింజలైతే ఎన్ని కుంచాలు? దానికి అప్పటి ధర కట్టేవాళ్లం. ఎండాకాలం ఎలా గడిచింది? జ్వరమొచ్చి మంచాన పడ్డ రోజులున్నాయా? ఇరుగుపొరుగును ఇద్దరిని విచారించి, రాసినదంతా చదివి వినిపించి, అప్పుడు వేలిముద్ర వేయించుకునేవాళ్లం.

ఇంత తతంగం ఎందుకంటారేమో, లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 దాటకూడదని 2019లో పెట్టారు. పట్నాల్లో 12,000. పల్లెలో ఒంటరి ఆడమనిషి కూలికెళ్తోంది, రోజుకు 400 వస్తుందనుకుందాం. దాన్ని ముప్పైతో గుణిస్తే 12,000 అవుతుంది, కార్డు పోతుంది. నిజానికి ఏడాదిలో ఆమెకు పని దొరికింది 150 రోజులే అయితే వచ్చింది 60,000, అంటే నెలకు 5,000. మనిషీ మారలేదు, కూలీ మారలేదు. రోజులెన్నో అడగకపోవడం వల్ల ఆమె నోటి దగ్గర కూడు పోయింది.

ఆటో నడిపే కుర్రాడిదీ అదే గోడు. సాయంత్రానికి జేబులో ఉన్నదంతా ఆదాయం కాదు. డీజిలు, మరమ్మతులు, అద్దె బండైతే ఓనరుకు కట్టేది తీసేస్తే మిగిలేది అతని రాబడి. ఆ తీసివేత చేసే ఓపిక ఇప్పుడెవరికుంది?

బియ్యం కార్డు దగ్గరైతే అడగడం మానేసి వస్తువుల్ని చూసి తేలుస్తున్నారు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటిందా, నాలుగు చక్రాల బండి ఉందా, ఇంట్లో ఎవరైనా ఇన్‌కంటాక్సు కడుతున్నారా అని కంప్యూటరు చూస్తుంది. ముగ్గురు అన్నదమ్ములు వేరు కుంపట్లు పెట్టుకుని ఒకే మీటరు మీద బతుకుతుంటే మూడు కుటుంబాల వాడకమూ ఒకరి నెత్తిన పడుతుంది. నోట్ల మీద అప్పులిచ్చి వడ్డీ తినే పెద్దమనిషి మాత్రం ఏ గడిలోనూ దొరకడు. మా విచారణలో అయితే పక్కింటివాళ్లే చెప్పేసేవాళ్లు.

పాతకాలమంతా ధర్మంగా నడిచిందని నేననను. కరణానికి కోపమొస్తే పేదవాడి పేరు కాగితమెక్కేది కాదు. అందుకే 1984లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఆ పదవుల్నే ఎత్తేసింది. ఒక మనిషి ఇష్టాయిష్టాల నుంచి పేదవాణ్ణి కంప్యూటరు కొంత కాపాడింది, ఆ మేలు ఒప్పుకోవాలి. కానీ పెత్తనం పోవాల్సిన చోట పలకరింపు పోయింది. పలకరించకుండా కూలి మనిషి ఆదాయం తెలుసుకునే దారి లేదు. వాళ్లకు జీతం చీటీ ఉండదు, ఉన్న లెక్కంతా వాళ్ల నోటిలోనే ఉంటుంది.

మనుషులు చాలరన్న సాకు ఇప్పుడు చెల్లదు. మా రోజుల్లో ఒక్క గిర్దావరు ఎన్నో ఊళ్లు తిరిగేవాడు. 2019 అక్టోబరు నుంచి ఊళ్లోనే సచివాలయం ఉంది, అందులో ఉద్యోగులున్నారు. దరఖాస్తులో ఒక్క మొత్తం రాసి ఊరుకోకుండా ఏ పని, ఎన్ని రోజులు, రోజుకెంత, ఖర్చులెంత అని నాలుగు గడులు పెట్టండి. అవి ఇంటికి వెళ్లి నింపాలి, నింపింది చదివి వినిపించాలి. ఆ నాలుగు గడులూ ఖాళీగా ఉన్న కాగితం మీద తహసీల్దారు సంతకం పెట్టకూడదు.