యాప్ వేస్తే అవయవం మొలుస్తుందా?

స్మార్ట్‌ఫోన్ చేసిపెట్టే పనుల జాబితాలో ఇప్పుడు దోమలు తోలడం కూడా చేరింది. పడుకోబోయే ముందు యాప్ ఆన్ చేసి ఫోన్ తలగడ పక్కన పెట్టుకుంటే చాలట. అందులోంచి మన చెవికి అందని శబ్దం ఏదో వస్తుందట, అది విని దోమలు పరారవుతాయట. పైసా ఖర్చు లేదు. దోమతెర కట్టే పని లేదు, కాయిల్ పొగకు దగ్గే పని లేదు, ఇంటి ముందు మురుగు కాలవ గురించి పంచాయతీ కార్యదర్శితో గొడవపడే పని అసలే లేదు. ఇన్ని పనులు తప్పుతుంటే ఎవరికి చేదు?

మా బాబాయికి ఈ యాప్ మీద మహా గురి. కరెంటు పోయిన రాత్రి డాబా మీద మడతమంచం వాల్చి, పక్కనే ఫోన్ పెట్టుకుని, కాళ్లూ చేతులూ టపటపా చరుచుకుంటూ దాని మహిమ వివరిస్తాడు.

"మరి కుడుతున్నాయి కదా బాబాయ్?"

"ఇవి మన వీధి దోమలు కావురా. చెరువు గట్టు నుంచి కొత్తగా వచ్చినట్టున్నాయి. వాటికింకా అలవాటు కాలేదు."

దోమలకు వినిపించిందో లేదో గానీ, మధ్యమధ్యలో ఆ యాప్‌లో మోగే 'అయిదు నిమిషాల్లో లోన్' ప్రకటన మాత్రం పక్క డాబా వాళ్లకూ వినిపిస్తుంది.

ఈ యాప్‌ల వాళ్లు చెప్పే శాస్త్రం ఇదీ. కుట్టేది ఆడదోమ. మగదోమతో ఒకసారి జతకట్టాక దానికి ఇక మగవాడి పొడ గిట్టదు. కాబట్టి మగదోమ రెక్కల చప్పుడు వినిపిస్తే అక్కణ్ణుంచి తప్పుకుంటుంది. కుట్టేది ఆడదోమేనన్న మొదటి ముక్క నిజమే. ఆ తర్వాతే వస్తుంది చిక్కు. దోమ రెక్కలు సెకనుకు కొన్ని వందల సార్లు కొట్టుకుంటాయి. ఆ 'గుయ్'మనే మోత మనకు ఎంత బాగా వినిపిస్తుందో అర్ధరాత్రి దుప్పటి ముసుగేసుకున్న ప్రతివాడికీ తెలుసు. మన చెవికి అందనిది సుమారు 20,000 హెర్ట్జ్ పైనుండే శబ్దం. యాప్ పలికేది మగదోమ చప్పుడైతే మనకూ వినపడాలి. మనకు వినపడలేదంటే అది మగదోమ చప్పుడు కాదు. రెండు మాటలూ ఒకేసారి నిజం కావడం ఎలా? ఇంకొందరు అది దోమల్ని తినే గబ్బిలం కూత అంటారు. ఫోన్‌లో ధ్వనిని మామూలుగా సెకనుకు 44,100 లేదా 48,000 ముక్కలుగా పలికిస్తారు. ఆ లెక్కన 24,000 హెర్ట్జ్ దాటి, గబ్బిలాలు ఎక్కువగా కూసే స్థాయిలో పలకడం దానివల్ల కాదు. మనిషి మాటకూ పాటకూ చేసిన ఆ చిన్న స్పీకర్ అంతకన్నా ముందే నీరసించిపోతుంది.

యాప్‌లు రాకముందు ఇదే శబ్ద వైద్యం చేసే పెట్టెలను విడిగా అమ్మేవారు. వాటిమీద ఆరుబయట జరిగిన 10 అధ్యయనాలను వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షకులు 2007లో ఒకచోట చేర్చి చూశారు. పెట్టె మోగినా, మోగకపోయినా మనిషి మీద వాలే దోమల్లో తేడా ఏమీ లేదని తేలింది. ఆ అధ్యయనాల్లోని 15 ప్రయోగాల్లో 12 చోట్ల పెట్టె మోగుతున్నప్పుడే దోమలు కాస్త ఎక్కువగా వాలాయి. దాన్నిబట్టి మా బాబాయి చేస్తున్నది దోమల్ని తోలడమో, పేరంటానికి పిలవడమో మీరే తేల్చండి.

1897 ఆగస్టు 20న బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది. మైక్రోస్కోపు ముందు కళ్లు కాయలు కాసేలా కూర్చుని ఆ మనిషి దోమ గుట్టు బయటపెట్టిన ఊళ్లో, ఇవాళ దోమకు పాట వినిపిస్తున్నాం.

దోమల యాప్‌ను చూసి నవ్వుకోవచ్చు. బీపీ యాప్ దగ్గర ఆ నవ్వు కాస్తా ఆగిపోతుంది. 2014లో అమెరికాలో ఇన్‌స్టంట్ బ్లడ్ ప్రెజర్ అనే యాప్ వచ్చింది. చూపుడువేలు కెమెరా మీద పెట్టి, ఫోన్ అంచును ఛాతీకి ఆనిస్తే బీపీ ఎంతో చెప్పేసేది. జబ్బకు చుట్టే పట్టీ లేదు, గాలి కొట్టే బుడగ లేదు. ఏడాదికి పైగా జనం డబ్బిచ్చి మరీ కొనుక్కున్నారు. జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 85 మంది మీద దాన్ని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. నిజంగా బీపీ ఎక్కువున్నవాళ్లలో ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురికి 'అంతా మామూలే' అని చెప్పిందట ఆ యాప్. ఆ ఏడాది చివర్లో వినియోగదారులు మోసపోకుండా చూసే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని బోనెక్కించింది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. బీపీ చూడటమంటే రక్తనాళాన్ని బయటినుంచి నొక్కి, ఎంత ఒత్తిడి దగ్గర రక్తం ఆగిందో, ఎక్కడ మళ్లీ కదిలిందో కనిపెట్టడం. ఆ నొక్కే పని కోసమే పట్టీ. నొక్కడానికి ఫోన్‌కు చేతులేవి? కెమెరా, లైటు కలిసి వేలిలో రక్తం కొట్టుకోవడాన్ని చూడగలవు. కాబట్టి నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఫోన్ చెప్పగలదు, చాలావరకు సరిగ్గానే చెబుతుంది. దాని గొప్ప దానికివ్వాల్సిందే. అంతమాత్రాన మిగతావీ చెబుతుందనుకుంటేనే ప్రమాదం. కోవిడ్ రోజుల్లో ఇదే వేలిని కెమెరా మీద పెట్టించి ఆక్సిజన్ శాతం చెప్పిన యాప్‌లు గుర్తున్నాయా? అసలు ఆక్సీమీటర్ వేలిగుండా ఎరుపు కాంతితో పాటు కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా పంపుతుంది. ఫోన్ వెనకున్నది ఉత్త తెల్ల లైటు. వేలు పెట్టించుకుని మన వివరాలు కొట్టేసే నకిలీ ఆక్సీమీటర్ యాప్‌లున్నాయని కేంద్ర హోం శాఖ సైబర్ విభాగమే 2020లో హెచ్చరించాల్సి వచ్చింది.

అమెరికాలోనే 2011లో ఇంకో ముచ్చట బయటపడింది. ఫోన్ తెర రంగు వెలుగును రోజూ కాసేపు మొహానికి ఆనించుకుంటే మొటిమలు పోతాయని రెండు యాప్‌లు అమ్మారు. కొన్నవాళ్లు వేలల్లో ఉన్నారు. చివరికి అమ్మినవాళ్లు జరిమానా కట్టి మూసుకున్నారు. రోజుకు పది గంటలు అదే తెర ముందు మొహం పెట్టుకుని కూర్చునే మన కుర్రాళ్ల బుగ్గలు ఈపాటికి అద్దంలా మెరిసిపోతుండాలి మరి.

మనవాళ్లకు మొటిమల కన్నా ముఖ్యమైనవి రెండున్నాయి: వాస్తు, బంగారం. ఫోన్‌లో అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే చిన్న సెన్సర్ ఒకటుంటుంది. మన ప్రాంతంలో భూమి అయస్కాంత బలం సుమారు 40 మైక్రోటెస్లాలు. అంత సన్నని సంగతిని పట్టుకుంటుంది కాబట్టే దిక్కులు చూపిస్తుంది. ఆ సెన్సర్ పక్కన ఇనుప చువ్వో, పర్సులాంటి ఫోన్ కవర్‌కు బొత్తాంగా కుట్టిన అయస్కాంతమో ఉంటే దిక్కులు తప్పుతాయి. కొత్తగా స్లాబ్ పోసిన ఇంట్లో ఓ సిద్ధాంతిగారు ఫోన్ అరచేతిలో పెట్టుకుని ఈశాన్యం వెతకడం చూశాను. హాల్లో నిలబడితే ఈశాన్యం పూజగదివైపు చూపించింది. రెండడుగులు జరిగి పిల్లర్ దగ్గరకు రాగానే అదే ఈశాన్యం బాత్రూమ్ వైపు తిరిగింది.

"చూశారాండీ దోషం!" అన్నారాయన.

ఇంటాయన మొహం పాలిపోయింది. గోడ ఎక్కడ పగలగొట్టాలో అడుగుతున్నాడు. పిల్లర్‌లోని ఇనుపచువ్వలు ఏ శాస్త్రానికి లోబడి ఉన్నాయో అడిగినవాడు లేడు. మేడెక్కి సూర్యుణ్ణి చూసినా తూర్పు ఎటో తెలిసేది.

బంగారం సంగతి ఇంకా రసవత్తరం. గుప్తనిధుల కోసం పాత గుళ్ల వెనక తవ్వేవాళ్ల వార్తలు మన పేపర్లకు కొత్త కావు. వాళ్ల పని సులువు చేయడానికే అన్నట్టు 'గోల్డ్ డిటెక్టర్' యాప్‌లున్నాయి. బంగారం అయస్కాంతానికి అంటుకోదన్నది ఆరో తరగతి పిల్లాడికి తెలుసు. ఆ యాప్‌లన్నీ ఆధారపడేది ఇందాకటి అయస్కాంత సెన్సర్ మీదే. కావాలంటే పరీక్షించండి. ఫోన్‌ను ఇంట్లో ఇనప పెనం దగ్గర పెడితే ముల్లు గంతులేస్తుంది. బంగారు నెక్లెస్ దగ్గర పెడితే కిక్కురుమనదు. ఈ లెక్కన ప్రతి వంటింట్లోనూ ఓ నిధి మూలుగుతోంది.

ఇలా అంటే వచ్చే జవాబు ఒకటే: "ఉచితమే కదండీ, పోయేదేముంది?" పోయేది చాలానే ఉంది. బీపీ లేదనుకుని మాత్ర మానేసినవాడికి పక్షవాతం వస్తే అది యాప్ ఖాతాలో పడదు. దోమ పోయిందనుకుని తెర కట్టని ఇంట్లో మలేరియా వస్తే ఆసుపత్రి బిల్లు లోన్ ప్రకటన వాడు కట్టడు. ఏ అపకారమూ తెలియని టార్చిలైటు సంగతే చూడండి. కోట్లమంది వేసుకున్న ఓ టార్చి యాప్, వాడేవాళ్లు ఎక్కడున్నారో ఆ వివరాలను ప్రకటనల కంపెనీలకు చేరవేస్తోందని 2013లో అమెరికాలో బయటపడింది. చీకట్లో మనకు దారి చూపిస్తూ, మన దారి ఇంకొకరికి చూపించింది.

ఫోన్‌ను తిడుతున్నానని అనుకోకండి. నిజంగా చేయగల పనులు దాని దగ్గర బోలెడున్నాయి, వాటికి ఎవరూ చప్పట్లు కొట్టరు. మాత్రల అట్ట మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న గడువు తేదీని ఫోటో తీసి వేళ్లతో పెద్దది చేసి చూడొచ్చు. టీవీ రిమోట్ పనిచేయకపోతే దాని మూతిని ఫోన్ ముందు కెమెరాకు చూపించి బటన్ నొక్కండి. మామూలు కంటికి కనిపించని వెలుగు చాలా ఫోన్ల తెర మీద మిణుకుమంటుంది. మిణుకుమంటే రిమోట్ బాగానే ఉంది, టీవీ సంగతి చూసుకోవాలి. పిల్లలకు చూపిస్తే గంటసేపు వదలరు. కదలకుండా ఓ చోట పడున్న ఫోన్లలోని కదలికల సెన్సర్లతోనే భూకంపాన్ని పసిగట్టే ఏర్పాటును గూగుల్ 2020లో మొదలుపెట్టింది, 2023లో మన దేశానికీ తెచ్చింది. అది అద్భుతం కాదని ఎవరంటారు? అదీ ఉన్న అవయవంతో చేసిన పనే. కొత్త అవయవమేదీ మొలిపించలేదు.

కాబట్టి ఎవరైనా ఓ కొత్త యాప్ చూపించి ఇది ఫలానా పని చేస్తుందంటే ఒక్కటే అడగండి: ఏ అవయవంతో? చూడటానికి కెమెరా ఉంది, వినడానికి మైకుంది, పలకడానికి స్పీకరుంది, కదలికకూ దిక్కుకూ సెన్సర్లున్నాయి. ఫోన్‌లో లేని అవయవంతో చేస్తానంటే అబద్ధమే. అన్నట్టు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ చూసినందుకు పైసా తీసుకోరు. మీ ఇంట్లో ముప్పై దాటిన వాళ్లందరినీ ఈ వారంలోనే ఒకసారి తీసుకెళ్లండి. ఫోన్ కూడా తీసుకెళ్లండి, వరుసలో కూర్చున్నంతసేపూ ఘంటసాల పాటలు వినొచ్చు.