చేతిపని... జేబుకోత

సంక్రాంతి భోజనాల బల్లను ఈసారి 'తక్కువ ఖర్చులో, సొంత చేతులతో' ముస్తాబు చేయాలని మా ఇంట్లో తీర్మానమైంది. బడ్జెట్ 300 రూపాయలు. పాత సీసాలకు పురికొస చుడితే పూలకుండీలట! సీసాలు ఉచితమే. పురికొస, గ్లూ గన్, అందులోకి కడ్డీలు కలిపి 850 అయింది. సీసాలు చాలక నిండువి కొని ఖాళీ చేసే పని నాకు అప్పగించారు (ఆ ఒక్క ఖర్చుకే నేను నోరెత్తలేదు).

బంతిపూలు చవకని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లాం. పూలకన్నా ఆటోకే ఎక్కువైంది. తెల్లపొణికి చెక్కతో చేసిన కొండపల్లి ఎడ్లబండి ఇంట్లో ఉంది గానీ, అది 'మన' చేతిపని కాదు కదా! అందుకని అట్టముక్కలతో ఇంకోటి కట్టాం. చూసినవాళ్లంతా 'కుక్క భలే ఉంది' అన్నారు.

పండగనాడు బల్ల మీద విస్తరి వేయడానికి జానెడు చోటు లేదు. ఫొటోలు అయ్యేసరికి గారెలు చల్లారాయి, పరమాన్నం గడ్డకట్టింది. చివరికి చాపలు పరుచుకుని కిందే కూర్చున్నాం.

గుప్పెడు బియ్యప్పిండితో వాకిలంతా ముగ్గేసి వచ్చిన మా అమ్మ బల్లకేసి చూసి, "ఒరేయ్, ఆ పురికొస విప్పి సీసాలిలా ఇయ్యరా, నూనె పోసుకుంటా" అంది.