తిరిగొచ్చేస్తామండీ, ఒట్టు!

అమెరికా స్టూడెంట్ వీసా కావాలంటే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ ముందు నిలబడి 'చదువవగానే వచ్చేస్తా' అని ఆఫీసరును నమ్మించాలి. నమ్మలేదో, వలస చట్టం సెక్షన్ 214(బి) కింద తిరస్కరణ. అబ్బాయి లోపల ఆ మాట చెబుతుండగానే, బయట నాన్నగారు పెళ్లిళ్ల పేరయ్యతో ఫోన్లో 'మావాడిక అక్కడే సెటిలండీ, దాన్నిబట్టి సంబంధం చూడండి' అంటుంటారు. ఫోన్లో కాస్త గట్టిగా మాట్లాడే అలవాటు కూడాను!

బ్యాంకు బ్యాలెన్సుదీ అదే తంతు. ఎక్కడో సర్దిన లక్షలు ఇంటర్వ్యూ దాకా ఖాతాలో బుద్ధిగా కూర్చుని, మర్నాడే పుట్టింటికి వెళ్లిపోతాయి. 2025 జూన్‌లో అమెరికా వాళ్లు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమనేసరికి, హీరోల కోసం తిట్టుకున్న బూతులన్నీ రాత్రికి రాత్రే మాయం. తెల్లారేసరికి అందరి గోడల మీదా లైబ్రరీ ఫొటోలే.

కాన్సులేటుకు 185 డాలర్లు ముందే కట్టాలి. వీసా రాకున్నా తిరిగివ్వరు. వీసాల దేవుడు చిలుకూరు బాలాజీకి ఆ పేచీ లేదు. హుండీయే పెట్టుకోలేదాయన. కోరుకోవడానికి 11 ప్రదక్షిణలు చాలు, అవి మనవాళ్లు పరుగున చేస్తారు. వీసా వచ్చాక తిరగాల్సిన 108 మాత్రం, ఫ్లైటు టైమైందంటూ అమ్మకు అప్పజెబుతున్నారు.